నది ప్రవాహం – జీబ్రా ఆల్చిప్పలు

గ్లోకీడియం, వెలిజర్ అనే రెండు లార్వాల పేర్లను ఇంటర్ జువాలజీలో ఒక మార్కు బిట్ల కోసం మేమూ బట్టీ పట్టినవాళ్లమే. ఆ రెండింటి తేడా తెలిస్తే అమెరికా నదులలో జరిగిన ఒక పెద్ద మార్పు అర్థమవుతుంది.

మన చెరువుల్లో, కాలువల్లో కనిపించే ఆల్చిప్ప పిల్ల గ్లోకీడియం. అది చేప మొప్పలను పట్టుకుని కొన్నాళ్లు బతుకుతుంది. చేప ఏటికి ఎదురీదితే అదీ పైకి పోతుంది. జీబ్రా ఆల్చిప్ప అలా కాదు. నల్లసముద్రం, కాస్పియన్ ప్రాంతాలకు చెందిన ఈ చిన్న జీవి, ఓడలు తూకం కోసం అడుగున నింపుకునే నీటితో అమెరికా చేరి, 1988లో సెయింట్ క్లెయిర్ సరస్సులో బయటపడింది. దాని వెలిజర్‌కు చేపతో పని లేదు. రెండు మూడు వారాలు నీటిలో తేలి, ఆ తర్వాత రాయినో గొట్టాన్నో సన్నని దారాలతో అంటుకుంటుంది. 1989లో మన్రో అనే పట్టణానికి ఈరీ సరస్సు నుండి నీరు తెచ్చే గొట్టంలో ఇవి పేరుకుని మంచినీళ్లు ఆగిపోయాయి. ట్యాంకు ఖాళీ అయిన రోజు హాస్టలు ఎలా ఉంటుందో మనకు వేరే చెప్పాలా!

ఇప్పుడు చిన్న లెక్క. సెకనుకు అర మీటరు పారే నీరు రోజుకు 43 కిలోమీటర్లు, మూడు వారాలకు 900 కిలోమీటర్లు పోతుంది. మన గోదావరి పొడవులో సగం కంటే ఎక్కువ! తల్లి ఉన్నచోట పిల్ల నిలవదు. కనుక ఎగువన నిలవ నీరు ఉండి ఏటేటా పిల్లలను పంపితే తప్ప, పారే నదిలో దీని సంతతి నిలవడం కష్టం. ఇల్లినాయ్ నదికి మిషిగన్ సరస్సు అలాంటి పుట్టిల్లు. 1900లో షికాగో మురుగును మళ్లించడానికి తెరిచిన కాలువ ఆ రెంటినీ కలిపింది. 1991 నాటికి జీబ్రా ఆల్చిప్ప ఆ నదిలో కనిపించింది.

అంటుకున్నాక మాత్రం ప్రవాహం కొంతవరకు మేలే చేస్తుంది, కొత్త మేత తెస్తుంది. వేగం మరీ ఎక్కువైతే నీటిని లాగి వడగట్టడం కష్టమై ఎదుగుదల తగ్గుతుంది. వరద బురదతోనూ అంతే. సెకనుకు రెండు మీటర్లు దాటితే అంటుకోవడమే అరుదు.

ఆనకట్ట కడితే ఈ వేగం తగ్గుతుంది. వెనుక నిలిచిన నీటిలో వెలిజర్‌కు కావలసిన వ్యవధి దొరుకుతుంది. ఎగువకు పోవడానికి దానికి పడవల అడుగులు చాలు. అక్కడి సొంత ఆల్చిప్పల గుల్లల మీదే ఇవి గుంపులుగా అంటుకుని వాటికి మేత అందనీయవు. ఆ సొంత ఆల్చిప్పల గ్లోకీడియం మాత్రం, మోసుకెళ్లే చేపతో పాటు ఆనకట్ట దిగువనే ఆగిపోతుంది.