కొత్త బోరు వేసే ముందు పాత బోరు పూడిక తీయించండి

తిరుమలగిరిలో ఎండలు ముదిరాక ఇంటి బోరు ఎర్రనీళ్లు పోస్తుంటే, మోటారు వేసిన కాసేపటికే ధార సన్నబడి పైపు గాలి కక్కుతుంటే, అందరికీ ముందు తట్టేది ఇంకో బోరు. తొందరపడకండి. కొత్త బోరుకు 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి కావాలి. పైగా మన కాళ్ల కింద ఉన్నది గ్రానైటు బండ. నీళ్లుండేది దాని పగుళ్లలోనే. పక్కనే తవ్వినంత మాత్రాన పగులు తగులుతుందన్న భరోసా లేదు.

ముందు మోటారు పైకి తీయించాలి. మెయిన్ ఆపేసి, స్టార్టరు దగ్గర కేబులు విప్పాకే ఎవరైనా బోరు మీద చెయ్యి వేయాలి. ఇనుప పైపులైతే చైన్ పుల్లీతో ఎత్తుతూ, కింది పైపుకు క్లాంపు బిగించాకే పైది విప్పాలి. క్లాంపు జారితే మోటారు, పైపులు అన్నీ బోరు పాలే.

తర్వాత తాడుకు బరువు కట్టి వదలండి. అసలు నిర్ణయం ఇక్కడే. 300 అడుగులు వేసిన బోరులో తాడు 240 దగ్గర ఆగిందంటే 60 అడుగులు పూడిపోయింది, ఆ లోతులో పగుళ్లుంటే మూసుకుపోయాయి. కంప్రెషర్‌తో గాలి కొట్టిస్తే, అంటే ఫ్లషింగ్ చేయిస్తే, ఫలితం ఉంటుంది. తాడు అడుగు దాకా దిగి, చివరి కొన్ని అడుగులే తడిశాయంటే చాలావరకు నీటిమట్టమే పడిపోయినట్టు. అప్పుడు ఫ్లషింగ్‌కు డబ్బు పోయకండి.

బోరు బండి వచ్చేలోపు చుట్టుపక్కల వాళ్లకు చెప్పి కార్లు తీయించండి, కిటికీలు మూయించండి. బురద పారడానికి చిన్న కాలువ తీయండి. డ్రైనేజీలోకి వదిలితే ఆ ఇసుక వీధి మొత్తానికి అడ్డం పడుతుంది.

కంప్రెషర్ గాలి రాడ్ల లోపలి నుంచి దిగి, కింది కొసన బయటికొస్తుంది. బుడగలు కలిసిన నీరు తేలికై, రాడ్డుకూ బండగోడకూ మధ్య సందులోంచి పూడికను మోసుకుంటూ పైకి తన్నుకొస్తుంది. రాడ్లను ఒక్కసారిగా అడుక్కి దించనివ్వకండి, పూడికలో ఇరుక్కుంటాయి. కొద్దికొద్దిగా దించుతూ కొట్టాలి. మధ్యమధ్యలో గాలి ఆపించండి. ఆగినప్పుడు నీరు వెనక్కి పడి, మళ్లీ కొట్టినప్పుడు పైకి లేస్తుంది. పగుళ్లలో బిగుసుకున్న ఒండ్రును కదిలించేది ఈ ఊపే. చాలామంది బండివాళ్లు తొందరలో ఈ విరామం ఇవ్వరు, పక్కన నిలబడి అడిగి చేయించుకోండి.

నీళ్లు తేటపడ్డాయని కంటితో చూసి చెప్పకూడదు. బకెట్‌లో పట్టి కాసేపు కదపకుండా ఉంచండి. అడుగున ఇసుక పేరుకుంటే పని కాలేదు. ఎంత కొట్టినా ఎర్రమట్టే వస్తుంటే అనుమానించాల్సింది కేసింగును. అది బండ మీద సరిగ్గా కూర్చోకపోతే పైమట్టి జారుతూనే ఉంటుంది, ఆ సందు మూయించకుండా గాలి కొట్టించడం వృథా.

అంతా అయ్యాక లోతు మళ్లీ కొలిచి, మోటారును అడుక్కి కనీసం 15 అడుగుల పైన వేలాడదీయండి. ఇక మిగిలింది బోరులో క్రిములు చంపడం. ఆరున్నర అంగుళాల బోరులో అడుగుకు దాదాపు ఆరున్నర లీటర్ల నీరుంటుంది. 150 అడుగుల నీటికి సుమారు 150 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు బకెట్ నీళ్లలో కలిపి, తేరిన నీటిని బోరులో పోసి రాత్రంతా వదిలేయండి. తెల్లారి వాసన పోయేదాకా నీళ్లు బయటికే తోడి, ఆ తర్వాతే ట్యాంకు పైపు కలపండి.