కుక్ కౌంటీ ఆసుపత్రి: పోటీ పరీక్షల కోణంలో

ఎక్కడ: అమెరికా, ఇల్లినాయీ రాష్ట్రం, షికాగో. నడిపింది కౌంటీ ప్రభుత్వం (మన జిల్లా స్థాయి పాలన లాంటిది). డబ్బులేని రోగులకు పెద్ద దిక్కు.

ప్రధాన భవనం: 1914. బోజార్ శైలి, ముఖద్వారం వైపు టెర్రకోట సింహపు తలలు, పసిపిల్లల బొమ్మలు.

అతి ముఖ్యం: 1937 మార్చి, అమెరికా ఆసుపత్రుల్లో తొలి బ్లడ్ బ్యాంక్. స్థాపకుడు డాక్టర్ బెర్నార్డ్ ఫాంటస్, జననం బుడాపెస్ట్. దాత రక్తం గడ్డకట్టకుండా సోడియం సిట్రేట్ కలిపి, శీతల పెట్టెలో కొద్ది రోజులు నిల్వ చేసేవారు. అంతకుముందు అప్పటికప్పుడు దాతను వెతకాల్సిందే; ఆలస్యమైతే ప్రాణం పోయేది. జాగ్రత్త: ‘ప్రపంచంలో తొలి’ అని ఆప్షన్ ఇస్తే తప్పు. లెనిన్‌గ్రాడ్‌లో 1930ల ఆరంభంలోనే ఉంది.

1966: ట్రామా యూనిట్, దేశంలో తొలి వాటిలో ఒకటి.

2002: పాత భవనం మూత, పక్కనే జాన్ స్ట్రోజర్ ఆసుపత్రి. 2006: పాత భవనం జాతీయ చారిత్రక స్థలాల జాబితాలోకి. 2020: అదే భవనంలో హోటల్.

జతపరచండికి: లాండ్‌స్టైనర్ – రక్త వర్గాలు, నోబెల్ 1930; జూన్ 14 – ప్రపంచ రక్తదాతల దినం. మన రాజ్యాంగంలో ఆసుపత్రులు: 7వ షెడ్యూల్, రాష్ట్ర జాబితా, 6వ అంశం.