స్టిక్ బీరువా మీద ఉంది

వాడపల్లి,
ఆదివారం పొద్దుగాల.

బిడ్డా,

మీ అమ్మ రాత్రి ఫోన్ చేసింది. హాకీ ట్రయల్స్ తేదీ దగ్గర ఎర్ర చుక్క పెట్టి, క్యాలెండర్ మీద రోజుకొక గీత కొడుతున్నవట. ఫోన్‌ల చెప్తే "సరే తాతా" అని ఒక్క మాటతోటి దాటేస్తవు. అందుకే కాయితం తీసిన. కోపమొస్తే చింపు గని, చదివినంక చింపు.

ముందుగాల నా తప్పు ఒకటి ఒప్పుకోవాలె. నువ్వు తొమ్మిదో తరగతిల ఉన్నప్పుడు ఒకనాడు ఆట అయినంక నా దగ్గరికొచ్చి తుంటి మీద చెయ్యి వేసి చూపించినవు. బొటనవేలు వెనక్కి, తక్కిన వేళ్లు గజ్జ దిక్కు. "ఇగో తాతా, లోపల గుచ్చుతుంది" అన్నవు. నరం పట్టి ఉంటది, ఉప్పు కాపడం పెట్టుకో అని పంపిన. తెల్లారి మళ్ల కప్ప గంతులు వేయించిన. మొన్న డాక్టర్ ముందు కూసుంటే ఆయన అచ్చం అట్లనే తన తుంటి పట్టుకుని, ఇంగ్లీషు 'సి' అక్షరం లెక్క వేళ్లు వంచి, ఇట్ల చూపించిన్రంటే నొప్పి కీలు లోపలిదని మాకు అనుమానమొస్తది అన్నడు. ముప్పై ఏండ్లు డ్రిల్లు సారుగ చేసినోన్ని. ఆ చెయ్యి నాకు ఎంతమంది పిల్లలు చూపించిన్రో, ఎంతమందిని కాపడం చెప్పి తోలిన్నో అనుకుంటె ఆ రాత్రి నిద్ర పట్టలే.

నీకు జరిగిందేందో నీకు తెలుసు, అయినా నా మాటల్ల ఒకసారి విను. తుంటి అంటే గిన్నెల తిరిగే బంతి. గిన్నె అంచు చుట్టూ మోటరుకు రబ్బరు వాషర్ ఉన్నట్టు ఒక మెత్తటి పట్టీ ఉంటది. నీకు బంతి కింద, మెడ కాడ ఎముక కొంచెం ఎక్కువ పెరిగింది. ఎదిగే వయసుల కాళ్ల మీద భారం పడే ఆటలు బాగ ఆడే పిల్లల్ల ఇది ఎక్కువ కనిపిస్తదట. వంగి తిరిగినప్పుడల్లా ఆ బొడిపె అంచుకు ఒరుసుకుని పట్టీ చినిగింది. మన ఆటేమో వంగకుండ ఆడేది కాదాయె. స్టిక్ 105 సెంటీమీటర్లు మించొద్దని రూలు, బంతేమో నేల మీద. అదీగాక స్టిక్ గుండ్రటి వెనక దిక్కుతోటి బంతిని ఆడొద్దు, ఎడమచేతి వాటం వాళ్లకు వేరే స్టిక్ లేదు. అంటే ప్రపంచంల హాకీ ఆడే ప్రతోళ్లూ ఒకటే తీరుగ వంగి, ఒకటే తీరుగ తిరగాలె. ఇట్ల నడుం, తుంటి ఒక దిక్కే అరిగే ఆట ఇంకోటి చెప్పమంటె నాకు దొరకది. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ నుంచి ఆట గడ్డి మీదికెల్లి టర్ఫ్ మీదికి పోయింది, బంతి ఉరుకుడు పెరిగింది, మనిషి ఇంకా కిందికి వంగిండు.

ఆపరేషన్ల కాలు లాగిపట్టి, కీలు సందు తెరిచి, చిన్న చిన్న బెజ్జాల్ల కెమెరా పంపి, బొడిపె గీకి, పట్టీని కుట్టిన్రు. పైన చూస్తే బెజ్జాలే. నిన్ను మోసం చేసేది అవే. పెద్ద కోత ఉంటే మనిషి భయపడి కూసుంటడు.

నువ్వు పండుగకు వస్తనంటున్నవు గనుక ఇంటి సంగతి చెప్త. నీ కోసం పీటలన్నీ అటక ఎక్కించిన. కింద మఠం వేసుకుని కూసునుడు, గొంతుక కూసునుడు, వంగి చెప్పుల పట్టీలు పెట్టుకునుడు, ఇవన్నీ బంద్. తుంటిని 90 డిగ్రీలు దాటి మడవొద్దని నీ కాయితం మీద రాసి ఉన్నది, మన ఇండ్లల్ల బతుకంతా ఆ తొంభై దాటే గడుస్తది. అందుకే పాత బాత్రూంల ఎత్తు కమోడ్ పెట్టించిన. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు చంక కర్రలు, ఆపరేషన్ కాలు ముందు. పండుకుని కాలు నిటారుగ లేపే కసరత్తు నేనే నేర్పిన, ఇప్పుడది చెయ్యకు, తుంటి ముందు కండరం రేగి నెలలు పీడిస్తది. బోర్ల పండుకో, మంచిది. బరువు లేకుండ సైకిలు తొక్కమన్నరు గద, తొక్కు. కృష్ణల ఈత కొడ్తనంటె మాత్రం ఊకోను. మానని గాయంతోటి ఏటి నీళ్లల్లకు దిగుడు ఒక తప్పు, కప్ప ఈతల కాళ్లు విసిరే తీరు ఇంకో తప్పు.

కర్ర ఎప్పుడు పారెయ్యాలె అని అడిగినవట. కుంటకుండ నడిచిన రోజు. కర్ర పట్టుకుని సక్కగ నడిచుడు, కర్ర లేకుండ కుంటుడుకన్న వెయ్యి రెట్లు నయం. కుంటు అలవాటైతే పోదు. నా సొంత బిడ్డల్లెక్క చూసుకున్న ఆటగాళ్లు ఇద్దరు ముగ్గురు మోకాలు మానినంక కూడ ఆ కుంటుతోటే మిగిలిన్రు.

మన చుట్టాలు పుత్తూరు కట్టు కట్టిద్దామని వస్తరు. వాళ్లతోటి కొట్లాడకు. ఆ కట్టు విరిగిన ఎముకకు, నీకు విరిగిందేం లేదు, కుట్టిన కుట్టు ఉన్నది, దాన్ని కదపొద్దన్నరు అని చెప్పు. మీద నుంచి చాయ పొయ్యి.

ఇగ ట్రయల్స్. అప్పటికి నీకు నాలుగు నెలలు కూడ నిండవు. ప్యాట్రిక్ కేన్ వీడియోలు చూపిస్తున్నవట మీ అమ్మకు. మంచు హాకీ మన హాకీ కాదు గని తుంటి తుంటే, కాబట్టి మాట్లాడుదాం. ఆయన 2023 జూన్ 1న ఆపరేషన్ చేయించుకున్నడు. అది నీ అసొంటిది కాదు, బంతి మీద లోహపు టోపీ తొడిగే పెద్ద ఆపరేషన్. మూడుసార్లు స్టాన్లీ కప్ గెల్చినోడు, నవంబరు ఆఖరు దాక ఏ జట్టుతోటీ సంతకం పెట్టలే. కాలు నిలబడ్డదని చూసుకున్నంకనే డెట్రాయిట్‌కు పోయిండు, డిసెంబరు 7న మంచు మీదికి దిగిండు. ఆ సీజన్‌ల 50 ఆటల్ల 20 గోల్స్. నువ్వు గోల్స్ చూస్తున్నవు, నేను ఆ ఆరు నెలలు చూస్తున్న.

ఆండీ ముర్రే సంగతి ఇంకా బాగ తెలుసుకోవాలె. ఆయన టెన్నిస్ ఆడేటోడు. 2018 జనవరిల తుంటికి ఆపరేషన్ అయ్యింది, ఎండకాలం నాటికి కోర్టుల దిగిండు, నొప్పి మాత్రం పోలే. మళ్లొచ్చిన జనవరిల లోహపు టోపీ తొడిగించుకున్నడు. ఈసారి తొందరపడలే. జూన్‌ల లండన్ క్వీన్స్‌ల డబుల్స్ మాత్రమే ఆడి గెల్చిండు. డబుల్స్ అంటే సగం కోర్టు, సగం ఉరుకుడు. ఆ తర్వాతనే సింగిల్స్, అక్టోబరుల ఆంట్వర్ప్‌ల టైటిల్. మన ఆటల ఆ డబుల్స్ ఏందో మీ కోచ్‌ను అడుగు. నేనైతే పది నిమిషాల ఆట, ఢీకొట్టుడు లేకుండ, డ్రాగ్ ఫ్లిక్ లేకుండ అంట.

మన హాకీ సందీప్ సింగ్ ఉన్నడు గద. 2006 ఆగస్టుల ప్రపంచ కప్‌కు బయలెల్లేముందు శతాబ్ది రైళ్ల తుపాకి తూటా తగిలింది. చక్రాల కుర్చీ మీద నుంచి లేచి, 2009ల కెప్టెన్ అయ్యి అజ్లాన్ షా కప్ తెచ్చిండు. గోడ మీద ఆయన ఫొటో అతికించుకున్నవు, సంతోషం. ఆ రెండు తేదీల నడుమ ఉన్న కాలం గూడ ఆ ఫొటో కింద రాసుకో.

ఇంకో సంగతి, ఎవ్వరూ చెప్పరని నేనే చెప్తున్న. డెన్మార్క్‌ల నీ అసొంటి ఆపరేషన్ అయిన 189 మంది ఆటగాళ్లను, 18 నుంచి 30 ఏండ్ల వాళ్లను, డాక్టర్లు అడిగి చూసిన్రు. మునుపటి ఆటకు, మునుపటి స్థాయికి వచ్చినోళ్లు నూటికి 57 మంది. మాకు మునుపటంత బాగ ఆడొస్తున్నది అన్నోళ్లు మాత్రం 17 మందే. నిన్ను భయపెట్టనీకి రాస్తలేను. మైదానంల నిలబడుడు వేరు, ఆడుడు వేరు. నువ్వు ఆడాలె. ఆడేటందుకు ఇంకో ఆరు నెలలు పోయినా నాకు పరవాలేదు.

మరి ఎప్పుడు దిగాలె అంటవు. నొప్పి లేని రోజు కాదు. అద్దం ముందట ఆపరేషన్ కాలు మీద ఒంటికాలితోటి నిలబడు. నడుం రెండో దిక్కు జారితే ఇంకా కాలే. చిన్నప్పుడు మన వాకిట్ల తొక్కుడుబిళ్ల ఆడినవు, డాక్టర్లు ఆఖర్ల పెట్టే పరీక్ష ఇంచుమించు అదే. మంచి కాలితోటి ఎంత దూరం గెంతితె, రెండో కాలితోటి అందుల నూటికి తొంభై పాళ్లన్న రావాలె. మంచి కాలు గూడ ఇన్ని రోజులు కూసునే ఉన్నది, దాన్ని కొలబద్ద అనుకుని మురవకు. గుచ్చుడు మళ్లొస్తే దాచకు. నువ్వు దాస్తవు. చిన్నప్పుడు ఒకసారి చెప్తే నేను వినలే, అందుకే దాసుడు నేర్చుకున్నవేమో.

ఊర్ల అందరూ బాగున్నరు. అగస్త్యేశ్వరుని గుళ్ల నీ పేరు మీద అర్చన చేయించిన. నర్సింహస్వామి గుళ్ల దీపం, ఆయన ఊపిరి తగిలి కదులుతదని నువ్వు చిన్నప్పుడు గంటలు గంటలు చూసేదే, అట్లనే ఉన్నది. హైవే మీద లారీలు ఎక్కువైనయి, కారుల వస్తే దామరచర్ల దాటినంక డ్రైవర్‌ను మెల్లగ పొమ్మను, గుంతలకు కుదుపు తగుల్తది. గంటకొకసారి ఆపించి దిగి నిలబడు.

సంగమం కాడ ఘాట్ మెట్లు దిగుతనని పంతం పట్టకు. పై మెట్టు మీద కుర్చీ వేయిస్త, అక్కడ్నించి కృష్ణ, మూసీ రెండూ కనపడ్తయి.

నీ స్టిక్ బీరువా మీద పెట్టిన. డాక్టర్ రాసిచ్చిన కాయితం చూపించేదాక అడగకు, ఇయ్య.

నీ తాత