ఇంటి తగవు – టెలివిజను రచ్చబండ

ఆలుమగల తగవు, అత్తాకోడండ్ర తగవు, అన్నదమ్ముల ఆస్తి తగవు – ఇవి మన పెద్దల కాలమునను ఉన్నవి, నేడును ఉన్నవి. కాని ఈ తగవులను దీపముల వెలుగులో నుంచి, ఇరుపక్షములవారిని ఎదురెదురుగా కూర్చుండబెట్టి, లక్షల ఇండ్లకు చూపించు ఏర్పాటు మాత్రము మన తాతలెరుగనిది. ఈ వ్యాసమున దానినిగూర్చి కొంత విచారింపదలచితిని. పాఠకులలో అనేకులు ఈ కార్యక్రమములను చూచియుందురు. చూడనివారు కూడ వానిలోని ముక్కలను ఎవరో ఒకరి ఫోనులో చూచియే యుందురు.

మా కుడతిని సంగతి ముందుగా చెప్పవలెను. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రలోనికి పోగా, బళ్ళారి మైసూరులో చేరినది. కావున మా యిండ్లలో మాట తెలుగు, బడి కన్నడము, టెలివిజను రెండును. జీ తెలుగువారి ‘బతుకు జట్కాబండి’ చూచిన యిల్లాలే జీ కన్నడవారి ‘బదుకు జట్కా బండి’ని కూడ చూచెడిది. తెలుగున దీనిని నడిపినవారిలో సుమలతగారు, జీవితగారు ఉండిరి. కన్నడమున మాళవికా అవినాశ్‌గారు నడిపిరి. జెమినిలో ‘రచ్చబండ’ అను పేర రోజాగారు నడిపిన కార్యక్రమము ఈ జాతిదే. తమిళులకు ‘సొల్వదెల్లాం ఉణ్మై’, మలయాళులకు అమృత టీవీలో ‘కథయల్లిదు జీవితం’. దక్షిణదేశమున నాలుగు భాషలవారికిని ఈ వంట రుచించినదన్నమాట.

ఆ పేరునుగూర్చి ఒక మాట. బ్రతుకును జట్కాబండితో పోల్చుట డి.వి. గుండప్పగారి ‘మంకుతిమ్మన కగ్గ’ (1943) వలన కన్నడదేశమున ఇంటింటికి తెలిసిన పోలిక. అందులో పగ్గములు విధిచేతిలో నుండును. టెలివిజను బండికి మాత్రము పగ్గములు ఎవరి చేతిలో నుండునో ముందు చూతము.

ఇది మన దేశమున పుట్టినది కాదు. అమెరికాలో ఫిల్ డొనహ్యూ అను నాతడు 1967లో డేటన్ అను పట్టణమున పగటిపూట సంభాషణా కార్యక్రమ మొకటి ఆరంభించెను. వచ్చినవారిని సభలోని ప్రేక్షకులే ప్రశ్నలడుగుట అందలి క్రొత్తదనము. అది మర్యాదగానే నడచినది. తరువాత 1991లో జెర్రీ స్ప్రింగర్ వచ్చెను. ఈయన అంతకు పూర్వము సిన్సినాటి నగరమునకు మేయరుగా పనిచేసినవాడు. తొలిరోజులలో రాజకీయములు, సాంఘిక విషయములే చర్చించెను. చూచువారు చాలలేదు. 1994 ప్రాంతమున పద్ధతి మార్చిరి. మగనాలిని, మగనిని, మూడవ మనిషిని ఒకే వేదికమీదికి తెచ్చుట, కుర్చీలు లేచుట, జుట్లు పట్టుకొనుట, వారిని విడదీయుటకు కండలుగల కావలివాండ్రు – ఇదియే కార్యక్రమమైనది. పిమ్మట ప్రేక్షకులు విరుచుకపడిరి. 2018 వరకు, అనగా 27 ఏండ్లు అది నడచినది. సరకు మంచిదైయున్నంతకాలము అమ్ముడుపోక, చెడగొట్టినపిమ్మట గిరాకీ పెరిగిన ఇట్టి వ్యాపారమును నేను మరియొకటి చూడలేదు.

ఇంగ్లండులో జెరెమీ కైల్ కార్యక్రమము 2005 జూలైలో మొదలైనది. 2007లో ఆ వేదికమీద ఒకడు మరియొకనిని తలతో కొట్టగా, కేసు మాంచెస్టరు కోర్టుకు పోయినది. అక్కడి న్యాయాధికారి, పూర్వము ఎలుగుబంటిని కట్టివేసి కుక్కలను ఉసిగొలిపి వినోదించిన ఆటతో దీనిని పోల్చి, ఇందలి జంతువులు మనుష్యులే యని మందలించెను. మన సీమలో కోడిపందెములు చూచినవారికి ఈ పోలిక విడమరచి చెప్పనక్కరలేదు. అయినను అది మరి పండ్రెండేండ్లు నడచినది. 2019 మే నెలలో ఆ వేదికపై అబద్ధమును కనిపెట్టు యంత్రము ఒక మనుష్యుడు అబద్ధమాడెనని తేల్చగా, అతడు కొలది దినములలో మరణించెను. కార్యక్రమమును మొదట ఆపి, మే 15న శాశ్వతముగా మూసివేసిరి. పార్లమెంటు సంఘము విచారించి, ఆ యంత్రము నూటికి ఎన్నిసార్లు నిజము చెప్పునని అడుగగా, నడిపినవారు అంకె చెప్పలేకపోయిరి. మరణవిచారణాధికారి 2024లో ఆత్మహత్య యని నిర్ణయించుచు, కార్యక్రమమే కారణమని స్పష్టముగా తేల్చుటకు ఆధారము చాలదన్నాడు. అది న్యాయమైన మాటయే. కాని తూకము సరియో కాదో తెలియని త్రాసును అంగడిలో పెట్టినచో తూనికల అధికారి మాకు జుల్మానా వేయును. మనిషి పరువును తూచు త్రాసునకు ఆపాటి ముద్ర అక్కరలేదా? మన దేశమున సుప్రీంకోర్టు 2010 మే 5వ తేదీన, సెల్వి – కర్ణాటక రాష్ట్రము కేసులో, మనిషి సమ్మతి లేక ఇట్టి పరీక్ష చేయరాదని తీర్పు చెప్పియున్నది.

ఇక వ్యాపారము సంగతి. వ్యాపారిని గనుక ఈ లెక్క నాకు సులభముగా బోధపడినది. ధారావాహికకు కథ వ్రాయువాడు కావలెను, నటులు కావలెను, చీరలు నగలు కావలెను. తగవుల కార్యక్రమమునకు ఒక గది, నాలుగు కుర్చీలు, పేరున్న ఒక నటీమణి చాలును. కథ, కన్నీరు, అరుపులు – ఇవన్నియు వచ్చినవారే తెచ్చుకొందురు. పెట్టుబడి తక్కువ. రాబడి ప్రకటనలవలన; ప్రకటనల ధర ఎందరు చూచిరను లెక్కవలన. ఈ లెక్క కొన్ని యెంపిక చేసిన యిండ్లలో అమర్చిన మీటర్లవలన వచ్చును. 2015 నుండి ఈ పని చేయునది బార్క్ అను సంస్థ. కాబట్టి పగ్గములు విధిచేతిలో గాక ఈ మీటరుచేతిలో నున్నవి. మనము తగవు చూచుచున్నా మనుకొందుము. సబ్బుల కంపెనీవానికి అమ్ముడుపోవు సరకు మన మధ్యాహ్నమో సాయంకాలమో. తగవు గాలమునకు గ్రుచ్చిన ఎర మాత్రమే.

మీటరు ఎరుగునది చూచువారి సంఖ్యయే. తగవు తీరినదా లేదా అను లెక్క దానికి లేదు. రాజీ త్వరగా కుదిరినచో నష్టము. అందుకే ఒకరిని తెరచాటున దాచి, వారినిగూర్చి చెడుగా పలికించి, సరిగా ఆ వేళకు బయటికి తెచ్చుట. అందుకే పసిబిడ్డ ముఖముమీదికి కెమెరా పోవుట. అందుకే, చెంపదెబ్బ పడినచోట బొమ్మ ఆగి మూడుమారులు మరల కనబడుట. ఒక కార్యక్రమమున న్యాయవాదులను, మనస్తత్వ మెరిగినవారిని కూర్చుండబెట్టి మంచిమాట చెప్పించుటయు కలదు. అది చివరి అయిదు నిమిషములు.

అయినను జనులెందుకు పోవుచున్నారు? ఈ ప్రశ్నకు ‘పోయేకాలము’ అని జవాబు చెప్పు పెద్దమనుష్యులతో నేను ఏకీభవింపను. కోర్టుకు పోయినచో వాయిదాలు. ఒక్కొక్క వాయిదాకు కూలి పోవును, బస్సుఖర్చు పెరుగును. స్టేషనుకు పోయినచో ‘మీ యింటి సంగతి, సర్దుకోండి’ అందురు. ఊరి రచ్చబండమీద కూర్చున్న పంచాయతిలో ఆడుది ఒకతె యైనను ఉండెడిది కాదు. భార్య మాట భర్త నోటనో, తండ్రి నోటనో వినబడవలసినదే. అట్టి స్త్రీ, మొదటిసారి, తన మాట అడ్డులేక చెప్పుకొని, తనను కొట్టిన మగనిని ఒక పెద్దింటి ఆడుది నిలదీయుచుండగా చూచినచో ఆమెకు ఎంత ఊరటయో ఊహింపుడు. కొందరికి బిడ్డలు చేరిరి, కొందరికి మనోవర్తి ఒప్పుదలయైనది. దీనిని కాదనుట అన్యాయము.

కాని రచ్చబండ అను పేరు దీనికి చెల్లదు. రచ్చబండ పెద్దలు రెండు కుటుంబములను మూడు తరములుగా ఎరుగుదురు. తీర్పు చెప్పినవాడు మరునాడు ఆ వీథిననే నడవవలెను, తీర్పు తప్పినచో వానినే నిలదీయుదురు. కెమెరాలు ఆర్పినపిమ్మట నటీమణి తన యింటికి పోవును. ఆ యిరువురు ఒకే బస్సులో ఊరు చేరవలెను.

మా అంగడికి సంతరోజున వచ్చు ఒక కాపు కలడు. ఊరుపేరు వ్రాయను. అతనికిని అతని భార్యకును పడక, ఎవరో చెప్పగా ఇటువంటి ఒక కార్యక్రమమునకు పోయిరి. ఏది యను దానితో ఇక్కడ పని లేదు. కాగితముపై సంతకము పెట్టించుకొనిరట. అందేమున్నదో ఇద్దరిలో ఎవరును చదువలేదు. వారి తగవు అక్కడ తీరలేదు. ఒక ఏడాది గడచినపిమ్మట ఆమె తమ్ముడు మధ్య పడగా, ఇంటివద్దనే తీరినది. ఇప్పుడు చక్కగా కాపురము చేసికొనుచున్నారు. కాని ఇటీవల వారి పెద్దకూతురికి సంబంధము వచ్చి, తాంబూలములవరకు నడచి, హఠాత్తుగా ఆగిపోయినది. పిల్లవాని మేనమామ ఫోనులో పాత ముక్క చూపించెనట. అందులో ఆ బిడ్డ ఏడేండ్లది, తల్లి కొంగు పట్టుకొని ఏడ్చుచున్నది. తండ్రి నాతో చెప్పిన మాట అతని మాటలోనే వ్రాసెదను:

“వీథిలో జరిగింటే నలుగురు చూసి మరిచిపోయిందురన్నా. ఇది మరిచేది కాదు. ఎవరు వేలు పెట్టి నొక్కినా మళ్ళా మొదులవుతాది.”

నేనతనికి బదులు చెప్పలేదు. బియ్యపు మూట బండికెత్తించి పంపితిని. ఆ పిల్ల ఏ కాగితముమీదను సంతకము పెట్టలేదు. ఈ సంగతి మొత్తములో నన్ను పీడించుచున్నది ఇదొక్కటే.

చట్ట మేమనుచున్నదో చూతము. మన జైనులకును వర్తించు హిందూ వివాహ చట్టము (1955) 22వ సెక్షను ప్రకారము ఆలుమగల వ్యాజ్యములు మూసిన తలుపులలో విచారింపవలెను. ఆ విచారణలోని సంగతులను అచ్చువేయుటయు ప్రకటించుటయు నిషిద్ధము. న్యాయమూర్తియే తలుపు మూయుచుండగా, అదే తగవును కోర్టు మెట్లెక్కకమునుపే లక్షలమందికి చూపుట ఎంత వింత! కేబులు టెలివిజను నియమములలో (1994) ఆరవది వ్యక్తులను దూషించు, అపకీర్తి కలిగించు కార్యక్రమములను వద్దనుచున్నది. 2011 నుండి ఇట్టి ఫిర్యాదులను వినుటకు ప్రసారకులే బి.సి.సి.సి. యను మండలి నేర్పరచుకొనిరి. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు, స్వవిషయ గోప్యత మనిషి మౌలికమైన హక్కని తీర్పు చెప్పిరి. ఆ వ్యాజ్యము వేసిన పుట్టస్వామిగారు మన కర్ణాటక హైకోర్టున పనిచేసి విరమించిన న్యాయమూర్తియే. తమిళ కార్యక్రమమును 2018లో మద్రాసు హైకోర్టు మదురై శాఖ తాత్కాలికముగా ఆపివేసినది కూడ, పరుల సంసారములలో చొరబడుచున్నదను ఫిర్యాదుమీదనే.

మన శాస్త్రములో ఈ విషయము సూక్ష్మముగా చెప్పబడియున్నది. శ్రావకుని సత్యాణువ్రతమునకు ఉమాస్వాతి ఆచార్యులు తత్త్వార్థసూత్రమున అయిదు అతిచారములు లెక్కించిరి. అందులో ‘రహోభ్యాఖ్యానము’ ఒకటి. స్త్రీపురుషుల ఏకాంతపు సంగతిని బయటపెట్టుట యని దాని కర్థము. ఇందులో గమనింపదగిన దేమనగా, ఆ సంగతి నిజమే కావచ్చును. అయినను దానిని వెల్లడించుట సత్యవ్రతమునకే లోపమని చెప్పిరి. ‘చెప్పునదంతయు నిజము’ అని తమిళ కార్యక్రమము పెట్టుకొన్న పేరునకు ఇంతకన్న సూటియైన జవాబు నాకు దొరకలేదు. ఇక చూచువారికి సమంతభద్రస్వామి రత్నకరండ శ్రావకాచారమున ఒక పేరు పెట్టియుంచిరి. ప్రయోజనము లేని పాపములలో ‘దుఃశ్రుతి’ ఒకటి – మనస్సును కలుషితము చేయు కథలను చెవులొగ్గి వినుట. మధ్యాహ్నమున సామాయికము మాని టెలివిజను ముందు కూర్చుండు మన యింటివారికి ఇది చదివి వినిపించిన మంచిది. కాని అది చదివి వినిపించు మగవారు రాత్రివేళ వార్తల చానళ్ళలో నలుగురు ఒకేసారి అరచు చర్చలు మానివేయవలెను. అదియు ఈ కుటుంబములోనిదే, బట్టలు మాత్రము వేరు.

తగవు పడినవారికి ‘పోకుడు’ అని చెప్పుట సులభము, ఎక్కడికి పోవలెనో చెప్పినగాని లాభము లేదు. 1987నాటి న్యాయసేవల చట్టముక్రింద ప్రతి జిల్లాయందును న్యాయసేవా ప్రాధికారము కలదు, బళ్ళారిలోను ఉన్నది. స్త్రీలకును పిల్లలకును ఆదాయముతో నిమిత్తము లేక ఉచితముగా న్యాయవాదిని ఇత్తురు. లోక్ అదాలతులో మనోవర్తి, ఆస్తిపంపకము వంటివి రాజీపడినచో ఆ రాజీ కోర్టు డిక్రీతో సమానము, దానిమీద అప్పీలు లేదు, అంతకుముందు కట్టిన కోర్టు రుసుము వాపసు వచ్చును. విడాకులు మాత్రము అక్కడ ఇయ్యరు. కుటుంబ న్యాయస్థానములలో సలహాదారులుందురు. మధ్యవర్తిత్వపు చట్టములో (2023) మధ్యవర్తి యెదుట పలికిన మాట బయటికి పోరాదను నియమము కలదు. ఉచిత న్యాయసహాయమునకు 15100, ఆపదలోనున్న స్త్రీలకు 181 అను ఫోను సంఖ్యలు కలవు. ఈ రెండు సంఖ్యలను తెలుగు, కన్నడములలో అట్టమీద పెద్దగా వ్రాయించి, మా అంగడిలో తూకపు యంత్రము ప్రక్కన, ఆడువారి కంటికి ఆనునంత యెత్తున తగిలించితిని. మన సంఘమువారిలో అంగడులు గలవారందరును ఈ పని చేయవచ్చును. అట్టకు, రంగుకు కలిపి నూరు రూపాయలు కాలేదు.