కావలివాని బాకా
తుపాను వార్త మన తీరమునకు చేరిన మార్గమును గూర్చిన పాఠము

చదువవలసిన భాగము: యెహెజ్కేలు 33:1–6



కొన్ని సంవత్సరముల క్రిందట నవంబరు నెలలో ఒక శనివారము సాయంకాలమున, మేము మరునాటి ప్రసంగము సిద్ధపరచుకొనుచుండగా మా చేతి ఫోనునకు ఒక వార్త వచ్చెను. బంగాళాఖాతములో వాయుగుండము బలపడుచున్నదనియు, మత్స్యకారులు వేటకు పోరాదనియు అందులో ఉండెను. మేము చదివితిమి. అందరికిని ఫోనులున్నవి గదా, అందరికిని ఈ వార్త వచ్చియే యుండునని తలంచి, ఫోను ప్రక్కన పెట్టి మరల ప్రసంగమునకు కూర్చుంటిమి.

తెల్లవారుజామున మూడు గంటలకు మా పాలెము నుండి రెండు బోట్లు బయలుదేరెను. ఒకటి గాలి ముదురుట చూచి మధ్యాహ్నమునకు తిరిగి వచ్చెను. రెండవది సోమవారము ఉదయము వరకు రాలేదు. అందులోని నలుగురును ప్రాణములతో ఒడ్డు చేరిరి గాని, వలలు పోయెను, ఇంజను పాడాయెను. ఆ నలుగురిలో ఒకని తల్లి మా గుమ్మము ముందు నిలిచి అడిగిన మాట యిది:

"మీ ఫోనులో వచ్చిందంట గదా అయ్యగారూ! ఒక్క కేకేసుంటే మా వోడు ఆగుండేవాడు గదా."

దానికి మా యొద్ద జవాబు లేకపోయెను. ఆ వార్త ఎక్కడ పుట్టినది, మా చేతికి చేరుటకు ఎందరు ఎన్ని యేండ్లు కష్టపడిరి అని అటు తరువాత వెదకి తెలిసికొంటిమి. ఆ సంగతులే ఈ మాసపు పాఠము.

1. తుపానుకు పేరు పెట్టినవాడు

గాలి లేకయే అల పెరుగుట, ఆకాశపు రంగు మారుట చూచి తుపాను రాకను పసిగట్టుట మన పాలెముల పెద్దలకు పూర్వమునుండి తెలిసినదే. అయితే అది ఎంత దూరములో ఉన్నది, ఎటు నడచుచున్నది అనునది ఒడ్డున నిలిచినవానికి కనబడదు.

కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ అను ఆంగ్లేయుడు ఉండెను. ఆయన మొదట ఓడ నాయకుడు. తుపానులలో చిక్కిన ఓడల దినచర్య పుస్తకములను ప్రోగుచేసి, ఏ గడియకు ఏ దిక్కునుండి గాలి కొట్టినదో పోల్చి చూచెను. ఈ గాలి తిన్నగా వీచునది కాదు, పాము చుట్ట చుట్టుకొనినట్లు ఒక మధ్య స్థలము చుట్టును తిరుగునది అని గ్రహించి, పాము చుట్టను తెలుపు గ్రీకు మాట నుండి 'సైక్లోన్' అను పేరును 1848వ సంవత్సరమున నావికుల కొరకు వ్రాసిన పుస్తకములో వాడెను. ఆ మధ్య స్థలమునే మనము తుపాను కన్ను అందుము. అది మన మీదుగా పోవునప్పుడు గాలి ఆగును. తుపాను పోయినదని జనులు బయటికి వత్తురు. అంతలో ఎదురు దిక్కునుండి గాలి మరల విరుచుకొనిపడును.

ఈయన చరిత్రలో ఇంకొక సంగతి కలదు. కలకత్తా దక్షిణమున మాట్లా నది యొడ్డున క్రొత్త రేవు కట్టదలచినప్పుడు, అక్కడ ఉప్పెన వచ్చునని 1853లో ఆయన గవర్నరు జనరలునకు వ్రాసెను. ఆయన మాట చెల్లలేదు. 1858లో ఆయన మరణించెను. పోర్ట్ కానింగ్ అను ఆ రేవును 1867లో తుపాను పాడుచేసెను. బాకా ఊదబడెను గాని వినువారు లేకపోయిరి.

2. గాలికంటె ముందు పరుగెత్తిన వార్త

గుఱ్ఱము మీద గాని ఓడలో గాని పోవు వార్త తుపానును దాటిపోజాలదు. తీగె మీద పోవు వార్త దాటగలదు. 1844లో అమెరికాలో మోర్స్ తన టెలిగ్రాఫు తీగె మీద పంపిన ప్రసిద్ధమైన మొదటి వార్త సంఖ్యాకాండము 23వ అధ్యాయములోని మాట యని మన సంఘస్థులలో కొందరెరుగుదురు. మన దేశములో ఓషానెస్సీ అను వైద్యుడు 1839లోనే కలకత్తా దగ్గర తీగెలు కట్టి పరీక్షించెను. 1855 నాటికి ప్రజలు టెలిగ్రాములు పంపుకొనుచుండిరి.

అయినను 1864లో తీగెలుండియు హెచ్చరిక లేకపోయెను. అక్టోబరు 5న కలకత్తాలోను, నవంబరు 1న మన మచిలీపట్టణములోను ఉప్పెనలు వచ్చెను. మచిలీపట్టణపు ప్రాంతములో సుమారు 30,000 మంది చనిపోయిరి. ఆ దుఃఖము తరువాతనే మరుసటి యేట కలకత్తా రేవునకు తుపాను హెచ్చరికల యేర్పాటు జరిగెను. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడెను. 1898లో రేవులన్నిటికిని ఒకే విధమైన గుర్తులు నియమింపబడెను.

"కృష్ణపట్నం రేవులో మూడవ నంబరు ప్రమాద హెచ్చరిక" అని మనము వినునది ఆ గుర్తులనే. పగటివేళ స్తంభము మీద శంఖాకారముగాను పీపా ఆకారముగాను ఉన్న బుట్టలను, రాత్రివేళ ఎఱ్ఱని తెల్లని దీపములను కట్టుదురు. మొదటి నంబరు దూరములో వాయుగుండమున్నదని చెప్పును. పదవది మహా ప్రమాదము. మరి పదునొకండవది? హెచ్చరిక కేంద్రముతో సంబంధమే తెగిపోయినదనియు, రేవు అధికారి తన కన్నులతో చూచి పరిస్థితి మిక్కిలి అపాయకరమని యెంచుచున్నాడనియు దాని అర్థము. వార్త రాకపోవుటయే ఆ పట్టీలో కడపటి ప్రమాదముగా వ్రాయబడియున్నది. ఈ మాటను చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను.

3. లెక్కకట్టిన యంత్రము

నేటి గాలిని చూచి రేపటి గాలిని లెక్కకట్టవచ్చునా? లూయీ ఫ్రై రిచర్డ్‌సన్ అను క్వేకరు భక్తుడు కట్టవచ్చునని నమ్మెను. యుద్ధము చేయుటకు మనస్సాక్షి ఒప్పక, మొదటి ప్రపంచయుద్ధములో ఫ్రాన్సు దేశమున గాయపడినవారిని మోయు బండి నడుపుచు, తీరిక దొరికినప్పుడు ఆరు గంటల వాతావరణమును చేతితో లెక్కించెను. దానికి సుమారు ఆరు వారములు పట్టెను. వచ్చిన జవాబు తప్పు. మామూలు తప్పు కాదు, ఘోరమైన తప్పు. ఆ వ్రాతప్రతి కూడ యుద్ధములో పోయి, కొన్ని మాసములకు బెల్జియములో బొగ్గుల కుప్ప క్రింద దొరికెను. ఆయన సిగ్గుపడి దాచలేదు. తప్పును తప్పుగానే చూపుచు 1922లో పుస్తకము ప్రచురించెను. తుపానుకంటె వేగముగా లెక్కకట్టుటకు అరువదినాలుగు వేలమంది గణకులు ఒక గొప్ప మందిరములో కూర్చుండవలెనని అందులో వ్రాసెను.

అంతమంది కూర్చుండనక్కర లేకపోయెను. 1950లో అమెరికాలో ఎనియాక్ అను కంప్యూటరు ఇరువదినాలుగు గంటల వాతావరణమును లెక్కించెను. అందుకు దానికి పట్టిన కాలము కూడ ఇంచుమించు ఇరువదినాలుగు గంటలే. 1980ల చివర మన దేశము వానల లెక్కకై అమెరికానుండి క్రే అను మహా గణకయంత్రమును ఢిల్లీకి తెప్పించుకొనెను. 1991లో పూనాలో మనవారే పరమ్ అను యంత్రమును చేసిరి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను మన నెల్లూరు తీరము ప్రక్కగా ఉత్తరమునకు నడచి, 5వ తేదీన బాపట్ల యొద్ద తీరము దాటెను. అది ఎటు పోవునో ముందుగా వినగలిగితిమనగా, దాని వెనుక ఆ బొగ్గుల కుప్పలో దొరికిన తప్పు లెక్క కలదు.

4. పైనుండి చూచు కన్ను

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన మన పెద్దలకు జ్ఞాపకమే. పదివేలమందికి తక్కువ కాకుండ చనిపోయిరి. అప్పటికి రేడియో ఉన్నది, రేవులలో గుర్తులున్నవి. అయినను పొలములలోను పాకలలోను ఉన్నవారిని లేపి తీసికొనిపోవునంతగా ఆ వార్త చేరలేదు.

ఆ కాలమున మన తీరములోనే శ్రీహరికోటలో వేరొక పని జరుగుచుండెను. సూళ్లూరుపేట ప్రాంతము 2022లో తిరుపతి జిల్లాలో చేరినను, మన పెద్దలు దానిని నెల్లూరు తీరమనియే యెరుగుదురు. తూర్పున విశాలమైన సముద్రము, పడమట పులికాటు సరస్సు. భూమి పడమటినుండి తూర్పుకు తిరుగుచున్నందున, తూర్పుకు ఎగురు రాకెట్టునకు ఆ వేగము తోడగును. కాలిపోయిన భాగములు నీటిలో పడును. అందుచేత 1969లో ఆ దీవిని ఎన్నుకొనిరి. ఆ అడవిలో బ్రదికిన యానాదులు తమ తావులు విడువవలసి వచ్చెననుటను కూడ మరువరాదు. 1971 అక్టోబరు 9న అక్కడనుండి చిన్న రోహిణి రాకెట్టు ఎగిరెను. 1979 ఆగస్టు 10న ఉపగ్రహమును మోసికొని లేచిన మొదటి రాకెట్టు బంగాళాఖాతములో పడిపోయెను. ఆనాడు అధ్యక్షుడైన సతీశ్ ధావన్ గారు పత్రికలవారి యెదుట ఆ ఓటమిని తన మీద వేసికొనెననియు, 1980 జూలై 18న విజయము కలిగినప్పుడు మాత్రము తనను ముందుకు పంపెననియు అబ్దుల్ కలామ్ గారు చెప్పుచుండిరి. నేడు ఆ కేంద్రము ధావన్ గారి పేరుననే ఉన్నది.

1983లో అమెరికానుండి ఎగిరిన ఇన్సాట్-1బి మేఘముల చిత్రములను పంపుటయే గాక, హెచ్చరికను గ్రామమునకే మోయసాగెను. ప్రమాదమున్న ఊళ్లలో ఉంచిన పెట్టెలు ఉపగ్రహపు పిలుపు అందగానే సైరను మ్రోగించి, ఆ ప్రాంతపు భాషలో వార్త వినిపించెడివి. అట్టి పెట్టెలు మొదట పెట్టినది మన దక్షిణాంధ్ర, ఉత్తర తమిళనాడు తీరములలోనే. 1990 మే నెలలో దివిసీమ ప్రాంతమునకే మరల భయంకరమైన తుపాను వచ్చెను. ఈసారి లక్షకు పైగా జనులను ముందుగా తరలించిరి. మృతులు సుమారు వెయ్యిమంది. వెయ్యి కూడ చిన్న లెక్క కాదు. అయినను 1977 నాటి లెక్క ప్రక్కన దీనిని పెట్టి చూడుడి.

2002 సెప్టెంబరు 12న శ్రీహరికోట నుండియే వాతావరణమునకు ప్రత్యేకించిన మన మొదటి ఉపగ్రహము ఎగిరెను. మరుసటి యేట అంతరిక్షమునుండి తిరిగి వచ్చుచు మరణించిన కల్పనా చావ్లా పేరు దానికి పెట్టబడెను. 2024 ఫిబ్రవరి 17న ఇన్సాట్-3డిఎస్ అక్కడనుండి పోయెను. రాకెట్టు లేచునప్పుడు మన పిల్లలు ఇసుకలో నిలిచి చప్పట్లు కొట్టుదురు. వారి నాయనల ప్రాణములను కాయునది ఆ మంట మీద పోవుచున్నదని వారికి చెప్పవలెను.

5. మోయువాడు లేని వార్త

2004 డిసెంబరు 26 ఆదివారము. క్రిస్మసు మరునాడు. ఉదయము 6 గంటల 29 నిమిషములకు సుమత్రా యొద్ద సముద్రగర్భము కంపించెను. ఆ అల మన తీరమునకు వచ్చుటకు రెండు గంటలకు పైగా పట్టెను. రెండు గంటలు! ఆ వేళలో మన పాలెములను రెండుసార్లు ఖాళీ చేయవచ్చును. భూకంపమును యంత్రములు పట్టినవి. వార్తను తీరమునకు మోయు యేర్పాటు మాత్రము హిందూ మహాసముద్రములో లేకపోయెను. పసిఫిక్ సముద్రమునకు 1949 నుండియే అట్టి కేంద్రము కలదు. మన రాష్ట్రములో వందమందికి పైగా మరణించిరి. 2007 అక్టోబరులో హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రమున సునామీ హెచ్చరిక విభాగము తెరువబడెను. సముద్రపు అడుగున ఒత్తిడిని కొలుచు సాధనములు ఇప్పుడు రేయింబగళ్లు కాచుచున్నవి.

6. కడపటి మైలు

చేతి ఫోను తీరమునుండి సుమారు పది పండ్రెండు కిలోమీటర్లు దాటిన తరువాత పలుకదు. 2017లో ఓఖీ తుపాను కేరళ, తమిళనాడు జాలరులను నడిసముద్రములో పట్టుకొనెను. అందుకే 2019లో జెమిని అను చిన్న పరికరము వచ్చెను. అది ఉపగ్రహమునుండి హెచ్చరికను అందుకొని ప్రక్కనున్న ఫోనునకు ఇచ్చును. బోటునుండి తిరిగి మాట పంపుటకు దానికి వీలులేదు, వినుటకు మాత్రమే. అయినను అది గొప్ప మేలు.

ఇన్ని తీగెలు, ఇన్ని లెక్కలు, ఇన్ని రాకెట్టులు దాటి వచ్చిన వార్త ఆ శనివారమున మా బల్ల మీద ఆగిపోయెను. యంత్రములలో ఏదియు తప్పలేదు. గుమ్మమునుండి ఒడ్డునకు నూరు గజములు. ఆ నూరు గజములు నడువవలసినవారము మేమే. కావలివాడు నిద్రించుటయే కాదు, చూచి కూడ "అందరికిని తెలిసియుండును" అనుకొనుట తప్పని యెహెజ్కేలు గ్రంథపు భాగము ఇప్పుడు మాకు తెలియుచున్నది.

అప్పటినుండి మా పాలెములో ఈ క్రమమున్నది. వార్త వచ్చినచో, ఏ వేళయైనను గుడి గంట విడువకుండ కొట్టుదుము. రామమందిరపు మైకులోను చెప్పించుదుము. వలలు ఆరవేయు చోట నల్లబల్ల మీద తేదీయు నంబరును వ్రాయుదుము. ఏ బోటులో ఎవరు పోయిరో ఒక సహోదరి పుస్తకములో వ్రాసి ఉంచును.

దీనికి సణుగుడు లేకపోలేదు. హెచ్చరిక వచ్చి తుపాను రాని దినమున, "ఊరక ఒకనాటి వేట చెడగొట్టితిరి" అందురు. దినకూలి మీద బ్రదుకువారికి అది చిన్న నష్టము కాదు, వారిని గద్దింపరాదు. తుపాను త్రోవ మారవచ్చునని ముందే చెప్పవలెను. ఆ దినమున ఇబ్బందిపడు ఇంటికి సంఘము బియ్యము పంపవలెను. హెచ్చరించుట ఒక చేయి, ఆదుకొనుట రెండవ చేయి.

ఆ తల్లి ఇప్పటికిని మా సంఘములోనే ఉన్నది. మొన్నటి వాయుగుండపు దినమున గంట త్రాడు మొదట పట్టుకొనినది ఆమెయే.

కూడికలలో మాటలాడుకొనుటకు ప్రశ్నలు

1. మీ ఊరిలో హెచ్చరిక మొదట ఎవరికి వచ్చును? అక్కడనుండి కడపటి ఇంటికి ఎవరు మోయుదురు?
2. ఫోను లేని వృద్ధులు, చెవి వినబడనివారు ఎందరున్నారు? వారి పేర్లు వ్రాసియున్నవా?
3. పదునొకండవ నంబరు దినము వచ్చి సమస్త సంబంధములు తెగిపోయిన యెడల, మీ పాలెములో ఎవరు నిర్ణయము చేయుదురు?
4. పిడింగ్టన్ మాట వలె, మనము విని త్రోసివేసిన హెచ్చరిక ఏదైన కలదా?