ఐదు దినముల పిమ్మట నీడ ఎక్కడ?

భర్త చేతనో అత్తింటివారి చేతనో దెబ్బలు తిని, పిల్లలతో వీథిన పడిన స్త్రీ పంచాయతీ గడప తొక్కినపుడు మన పెద్దలకు మొదట తోచునది రాజీ. పదిమందిలో భర్తను మందలించి, ఆమెను మరల ఆ యింటికే పంపివేయుదురు. రాజీ కుదిరి చక్కబడిన సంసారములు లేకపోలేదు. కాని ఆ రాత్రి ఆమె ఎక్కడ తలదాచుకొనవలెనను ప్రశ్నకు రాజీ సమాధానము కాదు. వేరు చోటు లేకనే పెక్కుమంది స్త్రీలు దెబ్బలు తెలిసి తెలిసియు వెనుకకు పోవుచున్నారు. కావున ఆ చోటు ఎట్టిది, దానికి ధనము ఎక్కడినుండి వచ్చును, పెన్‌పహాడ్ మండల గ్రామముల సభ్యులు చేయగలిగిన దేమి అను విషయములను ఇచ్చట విచారింతము.

2015 ఏప్రిల్ 1న కేంద్ర ప్రభుత్వము 'సఖి' కేంద్రముల పథకమును ఆరంభించినది. దీని వ్యయమంతయు 2013లో ఏర్పడిన నిర్భయ నిధినుండి కేంద్రమే భరించును. వైద్యము, పోలీసు సహాయము, న్యాయ సలహా, ఓదార్పు ఒకే కప్పు క్రింద లభించును. సూర్యాపేట 2016 అక్టోబరు 11న జిల్లా యైనది. అంతకు మునుపు ఏ జిల్లా పనికైనను నల్లగొండ పోవలసివచ్చెడిది. ఇప్పుడు సఖి కేంద్రము జిల్లాలోనే కలదు. 181 సంఖ్యకు ఫోను చేసినను దారి చూపుదురు. అయితే సఖిలో బస సాధారణముగా ఐదు దినములకే పరిమితము. గాయము మానుటకే చాలని కాలమిది!

ఆ పిమ్మటి కాలమునకై వేరు గృహములు కావలెను. మన దేశమున స్వల్పకాలిక వసతి గృహముల పథకము 1969లోనే మొదలైనది. తరువాత వచ్చిన స్వధార్ గృహములలో గృహహింస బాధితులకు ఒక సంవత్సరము వరకు వసతి నిచ్చెడివారు. 2022లో వెలువడిన మిషన్ శక్తి మార్గదర్శకములతో ఇవి 'శక్తి సదన్' అను పేర సాగుచున్నవి. వీని వ్యయములో కేంద్రము నూటికి 60 పాళ్లు, రాష్ట్రము 40 పాళ్లు భరించును. ఈ గ్రాంటు పంచాయతీ ఖాతాలోనికి రాదు. రాష్ట్ర శాఖ ద్వారా గృహము నడుపువారికి చేరును. గ్రాంటుతో నడుచు పనికి ఒక చిక్కు గలదు. వాయిదా సొమ్ము ఆలస్యమైనను బియ్యము, పాలు, కావలివాని జీతము ఆగరాదు గదా! ఇది ఒక్క మన దేశపు చిక్కు కాదు. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రమున 1985లో స్థాపింపబడిన 'మానవి' అను సంస్థ దక్షిణాసియా స్త్రీలకై పరివర్తన గృహమును నడపినది. భర్త వీసాపై పోయి, పరదేశమున బంధువులు లేని స్త్రీకి అట్టి నీడ ఎంత అవసరమో, అమెరికాకు ఆడపిల్లల నిచ్చిన మన తెలుగు కుటుంబములకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక చట్టము మాట. గృహహింస నుండి మహిళల రక్షణ చట్టము 2005లో చేయబడి, 2006 అక్టోబరు 26 నుండి అమలులోనికి వచ్చినది. కాపురమున్న యింట నివసించు హక్కు భార్యకు గలదని 17వ సెక్షను చెప్పుచున్నది. ఇల్లు మామగారి పేర నున్నను ఈ హక్కు పోదని 2020 అక్టోబరు 15న సుప్రీంకోర్టు తీర్పు నిచ్చినది. ఆ యింట ఉండుట ప్రమాదమైనచో, అట్టిదే వేరొక యింటిని చూపుమనియో, అద్దె చెల్లింపుమనియో 19వ సెక్షను క్రింద మేజిస్ట్రేటు ఆజ్ఞాపింపవచ్చును. ఇది మన సభ్యులలో చాలమందికి తెలియని సంగతి. ప్రభుత్వ గ్రాంటు వచ్చువరకు వేచియుండ నక్కరలేదు. హింసించినవానిచేతనే అద్దె కట్టింపవచ్చును. వకీలు ఖర్చునకు వెరువ పని లేదు. 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము స్త్రీకి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత సహాయము లభించును.

"మన కెందుకు, రేపు మనపై కేసు పెట్టుదురేమో" అని జంకు సభ్యులు గలరు. హింస జరిగినదని గాని, జరుగనున్నదని గాని నమ్మకమున్న ఎవరైనను రక్షణాధికారికి తెలుపవచ్చుననియు, సద్భావముతో తెలిపినవారికి ఏ బాధ్యతయు ఉండదనియు 4వ సెక్షను స్పష్టముగా చెప్పుచున్నది. రక్షణాధికారి వివరము జిల్లా సంక్షేమ కార్యాలయమున దొరకును. ముందుగా ఫిర్యాదు వ్రాయలేదను కారణమున వసతి గృహమువారు ఆమెను త్రిప్పి పంపరాదు; 2006 నాటి నిబంధనలలో ఈ మాట కలదు.

పంపుటకు ముందు ఒక ప్రశ్న తప్పక అడుగవలెను: మగపిల్లవాని వయస్సెంత? స్వధార్ గృహములలో ఎనిమిదేండ్లు దాటిన మగపిల్లలను తల్లితో ఉండనిచ్చెడివారు కారు. కొడుకును విడువలేక ఆగిపోవు తల్లులు ఎందరో! ఇప్పటి నియమమును గృహమువారినే అడిగి తెలిసికొని, పెద్ద పిల్లవానికి గురుకులమునో, బాలల సంక్షేమ కమిటీ ద్వారా మరియొక వసతినో ముందే చూచిన యెడల ఆమె ప్రయాణము ఆగదు. పాఠశాల బదిలీ పత్రము, ఆధార్, రేషను కార్డు నకళ్లు, బ్యాంకు పుస్తకము కార్యదర్శి సమకూర్పించవలెను. ఇవి అత్తింట చిక్కుకొనిపోవుటయే తరచు జరుగు పని.

ఆమె తిరిగి వచ్చి ఊరిలోనే వేరుగా నుండదలచినచో ఒంటరి మహిళల పింఛను గలదు. 2017లో నెలకు 1,000 రూపాయలతో మొదలై, 2019లో 2,016 రూపాయలకు పెరిగినది. విచారణకు వచ్చినవారితో ఆమె వేరుగా నున్న మాట నిజమని సభ్యులు జంకులేక చెప్పవలెను. కాని ఆమె ఏ గృహమున తలదాచుకొన్నదో మాత్రము తీర్మానపు పుస్తకములో వ్రాయరాదు, రచ్చబండ వద్ద పలుకరాదు. భర్త తరఫు చుట్టములు అడుగ వచ్చినచో రక్షణాధికారి నడుగుమని పంపివేయుడు.