మేకల కడుపులోని నెత్తురు పురుగులు

మేకలు గల రైతులకు:

వానకాలమున పచ్చిక సమృద్ధిగా నున్న దినములలోనే మేకలు చిక్కిపోవుటయు, నిన్న మేసిన పిల్ల నేడు చచ్చుటయు మీరు చూచియే యుందురు. దీనిని దిష్టి యని తలంపరాదు. మేక నాల్గవ కడుపున నివసించు సన్నని దారము వంటి పురుగు దీనికి తఱచు కారణము. శాస్త్రజ్ఞులు దీనిని హీమాంకస్ అందురు. ఒక్కొక్క పురుగు దినమునకు సుమారు 0.05 మిల్లీలీటరు నెత్తురు పీల్చును. వేయి పురుగులున్నచో 50 మిల్లీలీటర్లు పోవును. 15 కిలోల మేక యొంటనున్న నెత్తురంతయు ఇంచుమించు ఒక లీటరు మాత్రమే.

వ్యాపించు విధము: ఆడపురుగు దినమునకు 5,000 వఱకు గ్రుడ్లు పెట్టును. అవి పెంటికలతో నేలబడి, తడియు వెచ్చదనమును గలిగినచో వారము దినములలో పిల్లపురుగులై గడ్డి మీదికి ప్రాకును. అవి చాలవఱకు నేలకు 2 అంగుళముల లోపలనే యుండును. కావున పొట్టిగా మేసిన బీడు ప్రమాదము. తుమ్మ, రేగు, అవిసె మొదలగు ఎత్తైన ఆకుమేత క్షేమము.

గుర్తించు విధము: పగటి వెలుతురున మేక క్రింది కనురెప్పను మెల్లగా దించి లోపలి పొరను చూడుడు. ఎఱ్ఱగా నున్నచో భయము లేదు. పాలిపోయినచో నెత్తురు తగ్గినది. తెల్లబడినచో ప్రాణాపాయము. దవడక్రింద నీటివాపు కూడ కానవచ్చును. ఈ పురుగునకు పారుడు సాధారణముగా నుండదు. పారుడు లేదని ధైర్యపడరాదు. రెప్పరంగును పోల్చి చూచుటకు దక్షిణాఫ్రికా పశువైద్యులు 1990 తరువాత ఫమాచా అను ఐదు రంగుల పటమును సిద్ధపఱచిరి.

మందు: మందలోని మేకలన్నిటికి ఒక్కసారి మందు పోయుట మంచిదని పలువురు తలంతురు. అది పొరపాటు. మందునకు చావని పురుగులే మిగిలి, వాని సంతతియే బీడంతయు నిండును. పిమ్మట ఆ మందు నిష్ఫలమగును. రెప్ప పాలిపోయిన వానికే పోసి, ఆరోగ్యముగా నున్న వానిని విడిచినచో, మందునకు లొంగు పురుగులును బీడున నిలిచి యుండును.

జ్ఞాపకముంచుకొనవలసినవి:

1. వానకాలమున రెండు వారముల కొకసారి రెప్పలు చూడుడు. పిల్లలను, ఈనిన మేకలను ముందు చూడుడు.

2. మేకను తూచి మందు పోయుడు. గొఱ్ఱెల కొలత మేకలకు తఱచు చాలదు. కొలతను పశువైద్యునిచే తెలిసికొనుడు.

3. చూలు కట్టిన మొదటి నెలలో ఆల్బెండజోల్ ఈయరాదు.

4. మందు పోసిన రెండు వారములకు పెంటికలను పశువైద్యశాలలో పరీక్ష చేయింపుడు. గ్రుడ్లు తగ్గనిచో మందు మార్చవలెను.

5. రెప్ప పాలిపోవుటకు కార్జపు జలగ మొదలగు ఇతర కారణములును గలవు. మందు పోసినను ఎఱుపు రానిచో ఆలస్యము చేయక వైద్యునికి చూపుడు.

రెప్ప చూచుటకు ఖర్చు లేదు. చూడకున్న నష్టము మేక ప్రాణము.